తాబేలుకు ఇల్లు కట్టి చూడు

1968 సెప్టెంబరులో కజకిస్తాన్‌లోని బైకనూరు నుంచి జోండ్-5 అనే సోవియట్ వ్యోమనౌక చంద్రుడి వైపు బయల్దేరింది. అందులో మనిషి లేడు. రెండు తాబేళ్లు ఉన్నాయి. వాటితో పాటు ఈగలు, పురుగులు, కొన్ని విత్తనాలు. అమెరికా వ్యోమగాములు అపోలో-8లో అదే దారి పట్టడానికి ఇంకా మూడు నెలలుంది. చంద్రుణ్ని చుట్టేసి వచ్చిన ఆ నౌక హిందూ మహాసముద్రంలో పడితే, సోవియట్ ఓడలు పైకి తీసి బొంబాయి రేవుకు చేర్చాయి. అక్కడి నుంచి విమానంలో మాస్కోకు. బయల్దేరడానికి ముందు నుంచి లెక్కేస్తే తాబేళ్లు దాదాపు 39 రోజులు పస్తున్నాయి. తీరా మూత తీసి చూస్తే ఒంట్లో బరువు పదో వంతు తగ్గింది, అంతే. ప్రాణాలతోనే ఉన్నాయి.

ఆ రెండూ బైకనూరు చుట్టుపక్కల గడ్డిభూముల్లో తిరిగే జాతివే. దీన్నే అమెరికాలో రష్యన్ టార్టాయిస్ అంటారు, బ్రిటన్‌లో హార్స్‌ఫీల్డ్ టార్టాయిస్ అంటారు. బాగా ఎదిగితే జానెడు పొడవు. ముందుకాలికి నాలుగే గోళ్లు. అమెరికా పెట్ షాపుల్లో పిల్లలు వేలు పెట్టి చూపించేది చాలాసార్లు దీన్నే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్లలోకి ఇది వచ్చే తీరూ అదే. కుక్కపిల్ల కావాలని పిల్లవాడు మారాం చేస్తాడు. అపార్ట్‌మెంట్‌లో కుదరదని అమ్మానాన్నలంటారు. చివరికి తాబేలు దగ్గర రాజీ కుదురుతుంది. షాపువాళ్లు ఒక గాజు తొట్టి, ఒక బల్బు, పొట్లం నిండా చెక్కపొట్టు చేతిలో పెట్టి పంపిస్తారు.

చంద్రుడి దాకా వెళ్లి వచ్చిన ఆ ఓర్పే ఇక్కడ దానికి శాపమవుతుంది. కుక్కకు బాధ కలిగితే మూలుగుతుంది. చిలుక దిగులు పడితే ఈకలు పీక్కుంటుంది. తాబేలుకు చెప్పుకునే గొంతు లేదు. పనికిరాని తొట్టిలో పెట్టినా అది నెలల తరబడి నెట్టుకొస్తుంది, ఒక్కోసారి ఏళ్ల తరబడి. డిప్ప మెత్తబడి, ముక్కు వంకర తిరిగి, కళ్లు ఉబ్బి తెలిసేసరికి చేయి దాటిపోయి ఉంటుంది. అందుకే దాని ఇంటి సంగతి అది రాకముందే చూసుకోవాలి.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేదేదీ మన నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోమని కాదు. నల్లని డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకునే ఆ తాబేలు మన రాయలసీమ మెట్టల్లో, ముళ్ల తుప్పల్లో బతికేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకున్నా, కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న నమ్మకం ఒకపక్క, విదేశాల్లో దాని అందానికి ఉన్న గిరాకీ మరోపక్క దాన్ని పీల్చి పిప్పి చేశాయి. 2019లో వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం దాన్ని మొదటి అనుబంధంలోకి ఎక్కించి, అడవి నుంచి పట్టిన తాబేళ్ల అంతర్జాతీయ వ్యాపారానికి తలుపులు మూసింది. పొలంలో కనిపిస్తే అక్కడే వదిలేయాలి. ఎవరి దగ్గరైనా ఉందని తెలిస్తే అటవీశాఖకు చెప్పాలి. దాన్ని దగ్గర నుంచి చూడాలనుకునేవారికి శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఉంది. కూర్మావతారుడి గుడి ఆవరణలోనే నక్షత్ర తాబేళ్లకు చోటిచ్చారు.

విదేశీ జాతులను మన దేశంలో పెంచాలన్నా కాగితాలు కావాలి. సైట్స్ పట్టికల్లో ఉన్న ప్రాణులన్నిటినీ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలని 2024లో నిబంధనలు వచ్చాయి. నేల తాబేళ్ల కుటుంబమంతా ఆ పట్టికల్లోనే ఉంది. ఇక మన అక్వేరియం దుకాణాల్లో రూపాయి బిళ్లంత సైజులో అమ్మే, చెవుల దగ్గర ఎర్ర చారలున్నవి నీటి తాబేళ్లు. వాటి సంసారం వేరు, ఇల్లు వేరు. ఈ కథ పూర్తిగా నేల మీద బతికే తాబేలుది.

గాజు తొట్టి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే తప్పు మొదలయ్యేది అక్కడే. గాజు అడ్డమని తాబేలుకు అర్థం కాదు. అవతల దారి కనిపిస్తూనే ఉంటుంది, అడుగు మాత్రం పడదు. పొద్దస్తమానం ఆ గోడకు ముక్కు ఆనించి గీరుతూనే ఉంటుంది. చూసేవాళ్లు హుషారుగా ఉందనుకుంటారు. పైగా చేపలకోసం చేసిన తొట్టిలో గాలి ఆడదు. దీపం పెడితే మొత్తం ఒకే వేడి అయిపోతుంది. ఎండ కావాలంటే ఎండలోకి, నీడ కావాలంటే నీడలోకి నడిచి వెళ్లగలగడమే తాబేలు బతుకంతా. దాని ఒంట్లో పొయ్యి లేదు. మన ఒళ్లు 37 డిగ్రీల దగ్గర తనంతట తాను నిలబడుతుంది. తాబేలు మాత్రం ఆ పనంతా కాళ్లతో చేసుకోవాలి.

ఈ సంగతిని రెండున్నర శతాబ్దాల కిందటే కనిపెట్టి రాసినవాడు ఇంగ్లండులోని సెల్‌బోర్న్ గ్రామ మతగురువు గిల్బర్ట్ వైట్. మేనత్త ఇంటి తోటలో ఉన్న ముసలి తాబేలును ఆమె పోయాక 1780లో బండి మీద తన ఊరికి తెచ్చుకున్నాడు. దాని పేరు తిమోతీ. అది ఎప్పుడు తింటుంది, ఎప్పుడు తవ్వుకుంటుంది, వానను చూసి ఎలా జంకుతుంది, అన్నీ రాసిపెట్టాడు. వినిపిస్తుందేమోనని బాకా తెచ్చి దాని పక్కన నిలబడి అరిచి కూడా చూశాడు. అది పట్టించుకోలేదు. శరదృతువు ఎండ పలచబడే రోజుల్లో తిమోతీ తోటగోడ దగ్గరకు వెళ్లి, డిప్పను గోడకు ఏటవాలుగా ఆనించి ప్రతి కిరణాన్నీ ఒంటికి పట్టించుకునేదట. ఏటవాలు తలం మీద వేడి ఎక్కువ పడుతుందని దానికి ఎవరూ పాఠం చెప్పలేదు కదా అని వైట్ అబ్బురపడ్డాడు. తిమోతీ మగది కాదు, ఆడదని అది చనిపోయాకగానీ తెలియలేదు. దాని డిప్ప ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

గదిలో కట్టే ఇల్లు కూడా తిమోతీకి దొరికిన ఆ తోటగోడలాంటిది కావాలి. ఒక చివర మండే ఎండ, ఇంకో చివర చల్లని నీడ, మధ్యలో నడవడానికి నేల. బ్రిటన్‌లో తాబేళ్లు పెంచేవారు దీనికోసం పైకప్పు లేని చెక్క తొట్టిని వాడతారు. టార్టాయిస్ టేబుల్ అంటారు, మనం తాబేలు బల్ల అందాం. కొత్తది చేయించకపోయినా ఫర్వాలేదు. పాత పుస్తకాల బీరువాను వెల్లకిలా పడుకోబెట్టి, మధ్య అరలు తీసేసి, లోపల తడి పీల్చని పట్టా పరిస్తే మంచి తొట్టి తయారవుతుంది. ఎదిగిన రష్యన్ తాబేలుకు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటే హాయి. నాలుగడుగులకు రెండడుగులు అనేది పిల్లకు మాత్రమే సరిపోయే కొలత. అంత చిన్న ప్రాణికి ఇంత చోటెందుకని అనిపిస్తుంది. గడ్డిభూమిలో అది మేత వెతుక్కుంటూ ఎంత దూరం నడుస్తుందో తెలిస్తే ఎనిమిదడుగులు కూడా ఇరుకే.

గోడలు మట్టి పై నుంచి అడుగున్నరైనా ఎత్తు లేచి ఉండాలి. ఈ జాతి తాబేలు పాకడంలో ఆరితేరింది. ముఖ్యంగా మూలల్లో రెండు గోడలకూ గోళ్లు తన్నిపెట్టి ఎక్కేస్తుంది. నాలుగు మూలల మీదా ముక్కోణపు చెక్కపలక ఒక్కోటి బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఇక మట్టి. ఈ ఇంటికి ప్రాణం ఇదే, జనం ఎక్కువగా చిన్నచూపు చూసేదీ దీన్నే. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మైదానాల్లో వేసవి నిప్పులు చెరుగుతుంది, చలికాలం గడ్డకట్టిస్తుంది. ఈ తాబేలు ఏడాదిలో నేల మీద గట్టిగా తిరిగేది వసంతంలో మూడు నెలలు. మిగతా కాలమంతా తవ్వుకున్న బొరియలోనే. ఒక్కో బొరియ రెండు మీటర్ల దాకా పోతుంది. అంటే దాని అసలు ఇల్లు నేల కింద ఉంది. అలాంటి ప్రాణికి రెండంగుళాల చెక్కపొట్టు పరిచి పడుకోమంటే ఏం చేస్తుంది? తవ్వుతుంది, అడుగు తగులుతుంది, మళ్లీ తవ్వుతుంది.

ఎరువులు, మందులు కలపని తోటమట్టి మూడు పాళ్లు, శుభ్రమైన ఇసుక రెండు పాళ్లు కలపాలి. ఇసుక బదులు కొంత కొబ్బరిపొట్టు కలిపినా మంచిదే. తొట్టిలో సగభాగంలోనైనా అడుగు లోతున మట్టి ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. పైపైన ఆరిపోయినా అడుగున చెమ్మ నిలవాలి. వారానికోసారి ఒక మూల నుంచి నీళ్లు పోసి కలియబెడితే ఆ చెమ్మ నిలుస్తుంది. దేవదారు, పైన్ చెక్కల పొట్టు వాడకూడదు. ఆ చెక్కల నూనెల ఘాటు దాని ఊపిరితిత్తులకు పడదు. ఉత్త ఇసుక వేస్తే మేతతో పాటు కడుపులోకి పోయి పేగుల్లో పేరుకుంటుంది. పాత వార్తాపత్రికలు పరిస్తే కాళ్లు జారతాయి, గోళ్లకు పట్టు దొరకదు.

చెమ్మ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే దానికో పరిశోధన సాక్ష్యముంది. పెంపుడు తాబేళ్ల డిప్ప మీద పలకలు గోపురాల్లా పైకి పొడుచుకురావడం చాలామంది చూసే ఉంటారు. మాంసకృత్తులు ఎక్కువ తినిపించడం వల్లే అలా అవుతుందని చాలాకాలం నమ్మారు. 2003లో వియన్నా పరిశోధకులు ఆఫ్రికా సుల్కాటా జాతి తాబేలు పిల్లలను యాభై దాకా తీసుకుని అయిదు నెలలు పెంచారు. కొన్నిటిని పొడిగాలిలో, కొన్నిటిని తేమలో, రకరకాల మేతలతో. మేతలో మాంసకృత్తుల తేడా పెద్దగా ప్రభావం చూపలేదు. పొడిగాలిలో పెరిగిన పిల్లల డిప్పలే ఎక్కువ గోపురాలు కట్టాయి. ఎడారి అంచు ప్రాణి కదా, పొడిగా ఉంచుదామనుకున్న పెంపకందార్ల లెక్క ఇలా తలకిందులైంది. బొరియలో దాక్కున్న పిల్ల తడిమట్టి ఊపిరి పీలుస్తూ పెరుగుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నేల తరవాత సూర్యుడు. ఇంట్లో సూర్యుణ్ని రెండు ముక్కలుగా తెచ్చుకోవాలి. వేడి ఒకటి, అతినీలలోహిత కాంతి ఇంకొకటి.

వేడి పై నుంచే రావాలి. తాబేలుకు వేడి అంటే వీపు మీద పడే ఎండ. చల్లబడాలంటే మట్టిలోకి దిగుతుంది. అడుగున వేడి చేసే పట్టీలు, వేడిరాళ్లు పెడితే ఆ లెక్కంతా చెదిరిపోతుంది. చల్లదనం కోసం తవ్వుకుంటూ పోయి పొట్ట కాల్చుకునే ప్రమాదం ఉంది. తొట్టికి ఒక చివర మామూలు వేడి బల్బును వేలాడదీసి, దాని కింద తాబేలు వీపు ఎత్తులో 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వచ్చేలా ఎత్తు సర్దుకోవాలి. బల్బు కింద నాపరాయి ముక్క పెడితే వేడిని కాసేపు నిలుపుకుంటుంది. రెండో చివర 20 నుంచి 24 డిగ్రీలు చాలు. రాత్రి దీపాలన్నీ ఆర్పేయాలి. ఇంట్లో 15 డిగ్రీల కంటే తగ్గకపోతే ఈ జాతికి రాత్రి వేడి అక్కర్లేదు. రాత్రికని అమ్మే ఎర్ర బల్బులు కొనొద్దు. తాబేలుకు ఎరుపు బాగా కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది. థర్మామీటర్‌ను షాపువాడు చెప్పినట్టు గోడకు అంటించి ఊరుకుంటే తెలిసేది గోడ వేడి మాత్రమే. వంటింట్లో కొందరు వాడే, గురిపెట్టి మీట నొక్కే థర్మామీటర్ అయితే రాయి మీద ఎంతుందో నేరుగా చూపిస్తుంది.

రెండో ముక్క కంటికి కనపడదు, అందుకే మరిచిపోతారు. 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ కిరణాలు చర్మానికి తగిలితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకుంటే ఎంత కాల్షియం తినిపించినా ఎముకకు అందదు. డిప్ప కూడా ఎముకే. వేలితో నొక్కితే లొత్త పడే డిప్ప, నేల మీద ఈడ్చుకుంటూ నడిచే పొట్ట ఈ లోపానికి గుర్తులు. కిటికీ పక్కన పెట్టాం, ఎండ బాగా పడుతోంది అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. వేడిని లోపలికి రానిచ్చే మామూలు గాజు యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. కిటికీ ఎండలో తాబేలు కాగుతుందే తప్ప డి3 తయారు కాదు.

సరీసృపాల కోసమే చేసిన టీ5 యూవీబీ ట్యూబు ఒకటి తొట్టి పొడవులో సగమైనా ఆక్రమించేలా బిగించాలి. సాధారణంగా 10 నుంచి 12 శాతం రకం తీసుకుని, తాబేలు వీపుకు అడుగు నుంచి అడుగున్నర ఎత్తులో పెడతారు. మధ్యలో ఇనుప జాలీ ఉంటే కాంతిలో మూడో వంతు దాకా అక్కడే ఆగిపోతుంది. వేడి బల్బు, ఈ ట్యూబు ఒకే చివర ఉండాలి. ఎండలో వేడీ వెలుగూ కలిసే ఉంటాయి కాబట్టి ఎండ కాచుకోవడానికి వచ్చిన తాబేలుకు రెండూ ఒకేసారి అందాలి. రోజుకు పన్నెండు గంటలు టైమరు మీద వెలగనిస్తే చాలు. ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఏడాది దాటాక అందులోంచి యూవీబీ బాగా తగ్గిపోతుంది. బిగించిన తేదీని ట్యూబు చివర పెన్నుతో రాసుకునే అలవాటు మంచిది.

లోపలి సామాను ఎక్కువ అక్కర్లేదు. పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం ఒకటి, అంచుదాకా మట్టిలో పూడ్చి, తాబేలు గడ్డం మునిగేటంత నీళ్లు. తాబేలు అందులోకి దిగి తాగుతుంది, అందులోనే మలవిసర్జన చేస్తుంది, కాబట్టి రోజూ కడగాల్సిందే. చల్లని చివర బోర్లించిన సగం కుండ ఒక చాటు. మేతకు గరుకు రాతిపలక. దాని మీద కొరుకుతుంటే ముక్కు, నడుస్తుంటే గోళ్లు అరుగుతాయి. చూపుకు అడ్డంగా రెండు మూడు పెద్ద రాళ్లు, తుప్పలాంటి మొక్కలు ఉంటే తొట్టి చివరిదాకా ఒక్కసారే కనిపించదు. అప్పుడే నడవాలన్న ఆసక్తి పుడుతుంది. ఎక్కడానికి వీలైన ఈ పెద్ద రాళ్లను దీపం కింద మాత్రం పెట్టకూడదు, అక్కడ చదునైన నాపరాయే ఉండాలి. రాయెక్కి వెల్లకిలా పడిన తాబేలు తిరగబడలేకపోతే ఆ వేడికి కొన్ని గంటల్లో చచ్చిపోతుంది.

మేత గురించి విడిగా రాయాల్సినంత ఉంది. ఇక్కడికి కావలసింది ఇది: కలుపుమొక్కలు దానికి విందు. అమెరికా పచ్చికల్లో పసుపు పూలు పూసే డాండిలియన్, మందారం ఆకులూ పూలూ, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు. పండ్లు ఈ జాతి కడుపుకు సరిపడవు. పాలకూర తరచుగా పెడితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి. తొట్టిలో ఒక మూల సముద్రపు నురగ (కటిల్‌బోన్) ముక్క పడేస్తే, కాల్షియం కావాలనిపించినప్పుడు అదే వచ్చి గీక్కుంటుంది.

ఒంటరిగా ఉందని జాలిపడి ఇంకో తాబేలును తేవడం దానికి చేసే మేలు కాదు. ఈ జాతిలో జతకు అర్థం చాలావరకు తగువే. మగది ఆడదాని కాళ్లు కొరుకుతుంది, డిప్పతో గుద్దుతుంది. రెండు మగవైతే రోజూ యుద్ధం. ఎనిమిదడుగుల తొట్టిలో ఓడినదానికి పారిపోయే చోటు లేదు.

తాబేలు ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. దానికి జబ్బేమీ చేయదు, మనిషికి మాత్రం విరేచనాలు, జ్వరం తెస్తుంది. చిన్నపిల్లలు బుల్లి తాబేళ్లను నోట్లో పెట్టుకుని జబ్బు పడటం చూసే అమెరికా ప్రభుత్వం 1975లో నాలుగంగుళాలకు తక్కువ డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దాని పళ్లేన్ని వంటింటి సింకులో కడగకూడదు. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే తాబేలు కోరికను కొన్నేళ్లు వాయిదా వేయడమే మేలు.

తొట్టి సిద్ధమయ్యాక తాబేలును వెంటనే తేకూడదు. వారం రోజులు ఖాళీ తొట్టిలోనే దీపాలు వెలిగించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లెక్కలు రాసుకోవాలి. మొదటి రోజు సరిగా ఉన్న వేడి మూడో రోజు మట్టి ఆరాక పెరుగుతుంది. గదిలో హీటరు వేస్తే చల్లని చివర చల్లగా ఉండదు. ఈ తప్పులన్నీ లోపల ప్రాణి లేనప్పుడే దొరకాలి. వచ్చిన తాబేలు మొదటి రోజుల్లో గోడ వెంట తిరుగుతుంది, లేదా దాక్కుని బయటికే రాదు. అప్పుడు ఎత్తి ఒళ్లో పెట్టుకోవాలన్న పిల్లల ఆరాటాన్ని ఆపడం పెద్దల పని. పొద్దున తొమ్మిది, పది గంటలకల్లా తనంతట తాను దీపం కిందికొచ్చి కాళ్లు బారచాపి పడుకుందంటే ఇల్లు దానికి నచ్చినట్టే.

ఇంత చేసినా, గది గదే. వేసవిలో వాన లేని పగళ్లు పెరట్లో కంచె కట్టి వదలగలిగితే ఏ ట్యూబూ ఇవ్వలేనిది అసలు ఎండ ఇస్తుంది. చలికాలం కథ ఇంకా వింతగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తాబేలు కొన్ని వారాలు నిద్రపోవాలి. ఇంటి వెచ్చదనంలో ఆ నిద్ర పట్టదు. అందుకే బ్రిటన్‌లో చాలామంది పశువైద్యుడికి చూపించి, కడుపు ఖాళీ అయ్యేదాకా మేత ఆపి, గాలి కన్నాలున్న డబ్బాలో మట్టి మధ్య పెట్టి, దాన్ని 5 డిగ్రీల దగ్గర ఉంచిన ఫ్రిజ్‌లో పడుకోబెడతారు. రోజూ ఒకసారి తలుపు తీసి గాలి మారుస్తారు, వారానికోసారి బరువు తూస్తారు. ఆ కొన్ని వారాలు చెక్క తొట్టి ఖాళీగా ఉంటుంది. పాత మట్టిని పెరట్లో పోసి కొత్తది కలపడానికి, గోళ్లు గీకిన పట్టా మార్చడానికి, పోయిన ఏడాది తేదీ రాసిన ట్యూబు విప్పి కొత్తది బిగించడానికి అదే సమయం.